నార్వే కొనుగోలుదారు నార్సోక్ ఎం-650 కావాలని ఎందుకు పట్టుబట్టి అడుగుతాడు? మన ఫోర్జింగ్ షాపు ఏం చేయాలి?

సూపర్ డూప్లెక్స్ (ఫెరైట్, ఆస్టెనైట్ అనే రెండు నిర్మాణాలు కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలు) ఫోర్జింగ్‌లకు 3.1 సర్టిఫికెట్ (సరుకు పరీక్షల ధ్రువపత్రం) ఇస్తున్నాం కదా, మళ్లీ ఎం-650 (ప్రత్యేక లోహాలు తయారుచేసే షాపులకు అర్హత తేల్చే నార్వే చమురు పరిశ్రమ ప్రమాణం) ఎందుకు అని అడిగారు. 3.1 ఆ హీటు (ఒకసారి కరిగించిన లోహం), ఆ లాటు గురించి చెబుతుంది. ఎం-650 మీ షాపు గురించి చెబుతుంది: ఆ మందం ముక్క మీ ఫర్నేస్‌లో ఎప్పుడు వేసినా అలాగే వస్తుందా అని.

ఈ పట్టుదలకు చరిత్ర ఉంది. 1969లో ఉత్తర సముద్రంలో ఎకోఫిస్క్ చమురు క్షేత్రం బయటపడేనాటికి నార్వే వాళ్లకు ఓడలు తెలుసు, చమురు తెలీదు. 1972లో స్టాటాయిల్ అనే ప్రభుత్వ చమురు కంపెనీ పెట్టారు. 1979 నుంచి, లైసెన్సు కోసం వచ్చిన విదేశీ కంపెనీలు పరిశోధన నార్వేలోనే చేసేలా ఒప్పందాలు రాయించుకున్నారు. దెబ్బ తిని నేర్చుకున్నవీ ఉన్నాయి. 1980 మార్చి 27న అలెగ్జాండర్ కీలాండ్ రిగ్గు తిరగబడి 123 మంది పోయారు. పగులు మొదలైంది హైడ్రోఫోన్ (నీటిలో శబ్దం పట్టే పరికరం) బిగించడానికి వేసిన 6 మిల్లీమీటర్ల ఫిల్లెట్ వెల్డు దగ్గర. అందుకే చిన్న వెల్డు, చిన్న ముక్క అని వాళ్ల దగ్గర తేలిగ్గా తీసిపారేయరు. ఆ అనుభవమే ఇప్పుడు వాళ్ల ఎగుమతి సరుకు. 2009లో మన తీరంలోని గాడిమొగకు గ్యాస్ తెచ్చిన కేజీ-డి6 క్షేత్రం సముద్రగర్భ పరికరాలు నార్వే ఆకర్ కంపెనీవే.

ఇక లోహం సంగతి. 25 శాతం క్రోమియం సూపర్ డూప్లెక్స్‌కు రెండు గండాలు.

మొదటిది సిగ్మా ఫేజ్, అంటే లోహంలో ఏర్పడే పెళుసు పదార్థం. సుమారు 600 నుంచి 1000 డిగ్రీల మధ్య ముక్క ఆగిందంటే సిగ్మా పడుతుంది, లోహం పెళుసెక్కుతుంది, తుప్పు తట్టుకోదు. కాబట్టి ఫర్నేస్ తలుపు తీసిన క్షణం నుంచి ముక్క నీళ్లలో మునిగేదాకా సెకన్లు లెక్కపెట్టాలి. మన షాపుల్లో ఎక్కువగా చెడేది ఇక్కడే. ఫర్నేస్ ఒక మూల, క్వెంచ్ ట్యాంకు (వేడి ముక్కను ముంచి చల్లార్చే తొట్టి) ఇంకో మూల, క్రేను నిదానం. లేదంటే ఒకే లోడులో ముక్కలు కుక్కేస్తారు. ట్యాంకు నీళ్లు వేడెక్కుతాయి, మధ్యలో ఉన్న ముక్కకు ప్రవాహం తగలదు. పైన తీసిన శాంపిల్ పాసవుతుంది, ముక్క నడుమ ఫెయిలవుతుంది. పరీక్ష కోసం బలి ఇచ్చే ముక్కను అత్యంత మందమైన చోట కోసి మధ్య నుంచి శాంపిల్ తీయమనేది అందుకే.

రెండోది హైడ్రోజన్. నీటి అడుగున తుప్పు పట్టకుండా అల్యూమినియం యానోడ్లు కడతారు, దాంతో లోహం మీద సుమారు మైనస్ 1.05 వోల్టులు నిలుస్తాయి. అక్కడ పుట్టిన హైడ్రోజన్ ఫెరైట్‌లోకి దూరుతుంది. గ్రెయిన్ ముతకగా ఉండి, బిగువు కూడా ఉంటే ముక్క పగులుతుంది. డీఎన్‌వీ ఎఫ్112 (ఈ హైడ్రోజన్ పగుళ్ల మీద రాసిన డిజైన్ మార్గదర్శకం) లెక్కలో ఆస్టెనైట్ రేణువుల మధ్య ఎడం 30 మైక్రాన్ల లోపుంటే సన్నని నిర్మాణం కింద లెక్క. బాగా సాగదీసి ఫోర్జ్ చేస్తేనే అది వస్తుంది. పెద్ద దిమ్మెను నాలుగు దెబ్బలు కొట్టి మెషీనింగ్‌తో ఆకారం తెచ్చేస్తే రాదు.

మామూలుగా అడిగే పరీక్షలు: మైనస్ 46 డిగ్రీల దగ్గర చార్పీ (దెబ్బకు తట్టుకునే పరీక్ష) సగటు 45 జౌళ్లు, విడి శాంపిల్ 35కు తగ్గకూడదు, ఫెరైట్ 35 నుంచి 55 శాతం, జీ48 తుప్పు పరీక్ష 50 డిగ్రీల దగ్గర 24 గంటలు, గుంటలు పడకూడదు, చదరపు మీటరుకు బరువు నష్టం 4 గ్రాములు దాటకూడదు. చార్పీ సరిహద్దులో వచ్చి జీ48 బాగా వస్తే సంబరపడకండి, మైక్రోస్కోపు కింద సిగ్మా లాంటి ఇంటర్‌మెటాలిక్ పదార్థాల కోసం వెతకండి.

పని క్రమం ఇలా పెట్టుకోండి. ముందు మీ ఆర్డర్లలో అత్యధిక మందం ఎంతో తేల్చుకోండి, క్వాలిఫికేషన్ దానికే చేయించండి. తర్వాత అంతకంటే మందం వస్తే ఇది చెల్లదు. ముక్కకే థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) పెట్టి, ఫర్నేస్ గ్రాఫు, క్వెంచ్‌కు ముందూ వెనుకా నీటి ఉష్ణోగ్రత, లోడు బరువు, ముక్కలు పేర్చిన ఫోటో దాచండి. ఇవన్నీ క్యూటీఆర్ (క్వాలిఫికేషన్ టెస్ట్ రికార్డు)లో ఎక్కుతాయి, దాన్ని కొనుగోలుదారు పరిశీలించి ఒప్పుకోవాలి. హీట్ ట్రీట్‌మెంట్ బయట చేయిస్తుంటే ఆ షాపు పేరూ ఎక్కాలి. చౌకగా వస్తోందని మధ్యలో వేరేచోటికి పంపితే మళ్లీ మొదటికే.

ఖర్చు చూసి జంకితే, ముందు 22 శాతం క్రోమియం ఉన్న మామూలు డూప్లెక్స్ చిన్న ఫ్లాంజిలతో మొదలుపెట్టండి. దాని క్వాలిఫికేషన్ 25 క్రోమియానికి పనికిరాదు గానీ, రికార్డులు రాసే అలవాటు షాపు ఫ్లోర్‌లో కుదురుతుంది.