మురుకుల గొట్టంలో పిండి పైకి తన్నుకొస్తుంటే

అక్కా, పిడి తిప్పుతుంటే పిండి కిందికి దిగకుండా పైనుంచి నొక్కే బిళ్ల పక్కల నుంచి పైకి ఎక్కుతోందని, చేతులు పడిపోతున్నాయని రాశారు కదా. కొత్త గొట్టం కొనే ముందు పిండి చూడండి. మునివేలితో నొక్కితే సొట్ట పడాలి, అంచులు పగలకూడదు. పగిలాయంటే గట్టిగా ఉన్నట్టే. గోరువెచ్చని నీళ్లు చల్లి మళ్లీ మర్దించండి.

అప్పటికీ దిగకపోతే కన్నాలుండే కింది బిళ్ల వెలుతురుకి పట్టి చూడండి. మొన్న మా ఇంట్లో అలా చూస్తే మూడు కన్నాల్లో వాము గింజలు బిగుసుకుని ఉన్నాయి! అప్పట్నుంచి వాము దంచి, నానబెట్టి, వడకట్టిన నీళ్లే పోస్తున్నా. నువ్వులు వేస్తే పెద్ద కన్నాల బిళ్లే పెట్టండి. గొట్టం లోపల నూనె రాసి, ముప్పావు వంతే నింపండి.

ఇవన్నీ చేసినా ఎక్కుతోందంటే నొక్కే బిళ్లకీ గొట్టానికీ మధ్య సందు ఎక్కువన్నమాట. అప్పుడిక హైదరాబాద్ బేగంబజార్ గిన్నెల దుకాణాలకి వెళ్లండి, ఆన్‌లైన్‌లో వద్దు. బిళ్ల లోపల పెట్టి కదిలించి చూసే కొనండి. ఇత్తడిదైతే ఉప్పు పిండి ఉంచేయకండి, పచ్చగా చిలుము పడుతుంది.