అన్నయ్య గారూ, ఆ చిప్పలు లెక్కపెట్టారా?

కవిటి మండలం నుంచి ఒక తండ్రి రాశారు. కూతురు ఎంపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. ఇంజినీరింగ్ సీటుకు ఢోకా లేని ర్యాంకు వచ్చింది. ఆ పిల్ల మాత్రం విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో బొమ్మలూ శిల్పాలూ నేర్పే డిగ్రీ, బీఎఫ్‌ఏ చేస్తానని పట్టు పట్టి కూర్చుంది. వాతావరణం మారిపోతోంది కదా, దాని మీద కళాకృతులు చేస్తుందట. "తుఫాన్ల మీద, సముద్రం మీద ఏవో కడతాదట మేడం. అవి కడితే తుఫాను ఆగుతాదా, కడుపు నిండుతాదా? బీటెక్‌కీ దీనికీ తేడా ఏటో పక్కపక్కన పెట్టి రాయండి, దానికి చదివి వినిపిస్తాను" అన్నారు. తిత్లీ తుఫానులో ఇల్లు నిలిచింది గానీ తోటలో 63 కొబ్బరిచెట్లు మొదలంటా పడిపోయాయని కూడా రాశారు. "ఎలాంటి పిచ్చి పనులు చేస్తోందో మీరే చూడండి" అని ఒక ఫోటో జత చేశారు.

అన్నయ్య గారూ, పోలిక రాస్తాను, కంగారు పడకండి. విజయనగరంలో ఇరవై ఏళ్లుగా పిల్లలు ఏం చదవాలో సలహా చెప్పే ఈ కుర్చీలో కూర్చుని ఇదే ప్రశ్న వింటున్నాను. ఒకప్పుడు జర్నలిజం గురించి అడిగేవారు, తర్వాత హోటల్ మేనేజ్‌మెంట్, ఆ తర్వాత యానిమేషన్. కోర్సు పేరే మారింది. అంట్యాకుల పైడిరాజు గారు ఈ ఊళ్లో బొమ్మలు నేర్పిన రోజుల్లో కూడా ఎవరో ఒక తండ్రి గుమ్మంలో నిలబడి "ఇది తిండి పెడుతుందా మాస్టారూ" అని అడిగే ఉంటాడు. అడిగేది జీతం గురించే, లోపలున్నది మాత్రం వేరే: నేను పడ్డ పాట్లు నా పిల్ల పడకూడదు. మీది అంతకన్నా కాస్త లోతుగా ఉందని ఆ ఫోటో చూశాక అనిపించింది.

పెరట్లో రెండు గుంజల మధ్య చిరిగిన చేపల వల కట్టి ఉంది. దానికి కొబ్బరి చిప్పలు వేలాడుతున్నాయి. ఒక్కో చిప్పకి కన్నం పెట్టి, నైలాన్ దారంతో ముడేసి, లోపల మసి పూసింది. కొన్ని నేలకు దగ్గరగా, కొన్ని పైన. ఫోన్లో పెద్దది చేసుకుని వేలు పెట్టి లెక్కపెట్టాను. 63.

మీకు తెలియదని నేననుకోను. తిత్లీ తీరం దాటింది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున. అప్పటికి ఆ పిల్ల నాలుగో ఐదో చదువుతూ ఉండాలి. పొద్దున్నే మీ వెనకాలే తోటలోకి వచ్చి ఉంటుంది. మీరు చెట్లు చూశారు, అది మీ ముఖం చూసింది. ఇన్నేళ్లకి దాన్ని ఒక వలకి కట్టింది. మీరేం చేశారు? చుట్టాలొస్తున్నారని విప్పించి పొయ్యిలో పెట్టించారు. మీ ఉత్తరంలో ఆ సంగతి ఒక్క వాక్యంలో ఉంది, "బాగా మండాయి" అని కూడా రాశారు. అన్నయ్య గారూ, పెద్దవారు, అనకూడదు గానీ అది తప్పు. బీటెక్ చదవమనండి, అది మీ హక్కు. పిల్ల చేసిన పనిని పొయ్యిలో పెట్టడం మాత్రం ఏ తండ్రి హక్కూ కాదు. పైగా అది నచ్చక చేసిన పనిలా నాకు అనిపించలేదు. రోజూ లేచి చూడలేక చేసినట్టుంది.

అలా లెక్కపెట్టి చేసే పని పిచ్చి కాదు. జర్మనీలో జోసెఫ్ బాయిస్ అనే కళాకారుడు 1982లో కాసెల్ పట్టణంలో మ్యూజియం ముందు 7,000 నల్లరాళ్లు గుట్టగా పోయించాడు. ఊళ్లో ఒక చెట్టు నాటినప్పుడల్లా ఆ గుట్టలోంచి ఒక రాయి తీసుకెళ్లి దాని పక్కన పాతాలి. గుట్ట తరిగిపోవాలంటే చెట్లు నాటక తప్పదు. 1986లో ఆయన పోయాడు. చివరి చెట్టు మరుసటేడు కొడుకు నాటాడు. అదే 1982లో ఆగ్నెస్ డెనెస్ అనే ఆవిడ న్యూయార్క్‌లో వాల్‌స్ట్రీట్‌కి దగ్గర్లో, పూడ్చి చదును చేసిన రెండెకరాల్లో గోధుమ వేసి, పెంచి, కోసింది. కోట్ల డాలర్ల స్థలంలో గోధుమ! మన దేశంలో, ఢిల్లీలో ఉండే విభా గల్హోత్రా వేల మువ్వలు కుట్టి తెరల్లాంటి పెద్ద పెద్ద పనులు చేస్తారు, పాడైపోయిన యమున ఆవిడ పనిలో మళ్లీ మళ్లీ వస్తుంది. మీ అమ్మాయి ఈ పేర్లు విన్నదో లేదో. వినకుండానే ఒక్కో చెట్టుకి ఒక్కో చిప్ప అనుకుందంటే నాకు ముచ్చటేసింది.

ఇక అమ్మాయికి నచ్చని మాటలు. ఇవి కూడా చదివి వినిపించండి, సగంలో ఆపొద్దు.

ఈ "క్లైమేట్ ఆర్ట్" మీద నాకు అనుమానాలున్నాయమ్మా. ఒలఫర్ ఎలియాసన్ అనే పేరున్న కళాకారుడు గ్రీన్‌లాండ్ సముద్రంలో తేలే మంచుగడ్డలు 12 తెప్పించి, 2015లో ప్యారిస్‌లో వాతావరణ సదస్సు జరుగుతున్నప్పుడు గడియారంలా గుండ్రంగా పెట్టించాడు. జనం వాటిని ముట్టుకున్నారు, వాటేసుకున్నారు, ఫోటోలు దిగారు. మంచు కరిగింది. 2018లో లండన్‌లో టేట్ మోడర్న్ గ్యాలరీ ముందు మళ్లీ పెట్టారు. బాగుంది. కానీ మంచు కరుగుతోందని చెప్పడానికి అంత మంచును కరగకుండా అంత దూరం మోసుకురావాలా? ఆ టేట్ సంస్థకే అంతకు ముందు ఏడాది దాకా, పాతికేళ్లకు పైగా, బీపీ చమురు కంపెనీ స్పాన్సర్. ఈ రంగంలో డబ్బు ఎటునుంచి వస్తుందో ముందే తెలుసుకుని దిగు. ఎవరి గోడ మీద ఎవరి బాధ వేలాడుతోందో అడిగే అలవాటు ఇప్పటినుంచే ఉండాలి.

రెండోది, ఇది ఫ్యాషన్ అయిపోయింది. జూన్ 5, పర్యావరణ దినం వస్తే చాలు, ప్రతి స్కూల్లో ప్లాస్టిక్ సీసాల భూగోళం. ప్రైవేటు డిజైన్ కాలేజీల బ్రోచర్లలో "సస్టైనబిలిటీ" లేని పేజీ కనబడదు. నాలుగేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు వద్దన్నా వినకుండా అలాంటి ఒక కాలేజీలో లక్షలు పోసి చేరాడు. ఫైనలియర్‌లో సీసాలతో సముద్రపు తాబేలు చేశాడు. మన బారువ, కళింగపట్నం వైపు ఒడ్డుకి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా, ఎప్పుడైనా చూశావా అంటే, లేదు మేడం, నెట్‌లో చూశానన్నాడు. ఇప్పుడు పెళ్లి స్టేజీలు కడుతున్నాడు. అది గౌరవమైన పనే, నేను తక్కువ చేయను. ఆ పనికి ఆ అప్పు అక్కర్లేదు, అంతే. కాబట్టి అప్పు చేసి చేరే కాలేజీ అయితే, అన్నయ్య గారూ, నేను కూడా మీ పక్షమే.

ఆంధ్రా యూనివర్సిటీ అలాంటిది కాదు. పోలిక ఇప్పుడు రాస్తున్నాను, పెద్దగా లేదు. రెండూ నాలుగేళ్లే. బీటెక్ తర్వాత ఉద్యోగం ఖాయమని మీరనుకుంటున్నారు. మీ మండలంలోనే బీటెక్ పూర్తయి ఇంట్లో కూర్చున్నవాళ్లని లెక్కపెట్టండి, చిప్పలకన్నా తేలిక. అయితే క్యాంపస్‌లో పడితే ఇరవై రెండేళ్లకి జీతం మొదలవుతుంది, బీఎఫ్‌ఏలో ఆ మాట ఇవ్వలేను. ఎగ్జిబిషన్లలో పెట్టే పనులతో నెల గడవడం పేరున్నవాళ్లకే కష్టం. చాలామంది మరో చేత్తో ఇంకో పని చేస్తారు: పుస్తకాలకు బొమ్మలు, యానిమేషన్ స్టూడియోలు, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్, స్కూల్లో ఆర్ట్ టీచరు. నవోదయల్లో ఆర్ట్ టీచర్ పోస్టులున్నాయి, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి నెలకు 5,000 చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది, చిత్రకళ, శిల్పం కూడా అందులో ఉన్నాయి. కొచ్చిలో జరిగే పెద్ద కళా ప్రదర్శన బినాలేలో ఆర్ట్ కాలేజీ పిల్లల కోసం విడిగా స్టూడెంట్స్ బినాలే పెడుతున్నారు. బీఎఫ్‌ఏ తర్వాత బరోడా, శాంతినికేతన్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీ చేస్తే దారి కాస్త వెడల్పవుతుంది.

ప్రవేశ పరీక్ష సంగతులు నోటిఫికేషన్‌లో ఉంటాయి, అవి నేను చెప్పక్కర్లేదు.

నా మాట ఏమిటంటే, చేరనివ్వండి. భయం లేదని కాదు, ఆ భయం బీటెక్‌లోనూ ఉంది కాబట్టి. బీటెక్ ఫీజు కోసం తీసిపెట్టిన డబ్బు ముట్టుకోకండి, పీజీకి ఉంటుంది. రైలెక్కితే పూటలో ఇంటికొచ్చేంత దూరం, అదొక నిశ్చింత. పెళ్లి సంబంధాల గురించి చివర్లో చిన్న అక్షరాల్లో రాశారు, దానికి జవాబు నేనివ్వను, ఆ పిల్ల వయసు పదిహేడు.

అమ్మాయికి ఒక షరతు. నాలుగేళ్లూ వాతావరణం అని జపం చేయకు. ముందు చెయ్యి తిరగాలి. చెట్టు మొదలు, వల ముడి, మీ నాన్న చెయ్యి, రోజుకొకటి పెన్సిల్‌తో గియ్యి. ప్రింట్‌మేకింగ్  (చెక్కి అచ్చు తీసే పని) గానీ శిల్పం గానీ ఒకటి గట్టిగా పట్టుకో. చేసిన ప్రతి పనికీ తేదీ, కొలత, వాడిన వస్తువు ఒక నోట్‌బుక్‌లో రాసుకో.

ఆ వల పని ఇప్పుడు బూడిద. మిగిలింది ఫోటో ఒక్కటే, అది కూడా వాట్సాప్‌లో వచ్చి మసకబారింది. అసలు ఫోటో తన ఫోన్లో ఉంటే డిలీట్ చేయకుండా నాకు ఈమెయిల్ చేయమనండి. లేకపోతే మళ్లీ కట్టాల్సిందే, తను చేసిన పనులన్నీ చూపించే పోర్ట్‌ఫోలియోలో అది ఉండాలి. చిప్పలకి మీ ఇంట్లో కొదవేం లేదు. కట్టేటప్పుడు ఈసారి మీరు కూడా పక్కన కూర్చోండి అన్నయ్య గారూ. పడిన చెట్లలో ఏది గట్టు మీద ఉండేదో, ఏది బావి దగ్గర ఉండేదో దానికి గుర్తుండదు, మీకు గుర్తుంటుంది.