నాలుగు రోజుల దుబాయ్: అత్తమ్మతో, పిల్లలతో ఎలా తిరగాలి?

కిందటి సంచికలో మేము దుబాయ్ వెళ్ళొచ్చిన సంగతి రెండు ముక్కలు రాశాను, అంతే, అప్పటి నుంచి ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ అన్నీ దాని మీదే. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. మేము వెళ్ళింది జనవరిలో, నెల్లూరు నుంచి ఐదుగురం: నేను, మా ఆయన, మా అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. ఉన్నది నాలుగు రాత్రులు.

ప్రశ్న (కావలి నుంచి ఒక సోదరి): అక్కా, మేము నాలుగు రోజులకు వెళ్తున్నాం. మా అత్తమ్మకు 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పాపకు నాలుగేళ్ళు. ట్రావెల్స్ వాళ్ళు 14 చోట్లు చూపిస్తామని కాగితం ఇచ్చారు. అన్నీ చూడగలమా? ఏవి వదిలేయొచ్చు?

జవాబు: ముందు ఆ కాగితంలో సగానికి పైగా కొట్టేయమ్మా. మాకూ ఇలాంటి కాగితమే ఇచ్చారు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఇంకొకటి, రాత్రి పడవలో భోజనం. డబ్బులు కట్టాం కదా అని అన్నిటికీ పరిగెత్తాం. రెండో రోజు రాత్రికి మా అత్తమ్మ కాళ్ళు వాచిపోయి చెప్పులు పట్టలేదు. నొప్పి అని ఆమె ఒక్కసారి కూడా నోరు తెరిచి చెప్పలేదు, మీరు సంతోషంగా తిరుగుతుంటే నేనెందుకు అడ్డం అనుకుందట, అది విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడో రోజు మా ఆయన, పిల్లలు వెళ్ళారు, నేను ఆమెతో హోటల్లో ఉండిపోయాను. రెండు టికెట్లు పోయాయి, పోనీ.

ఆ సాయంత్రం కాస్త వాపు తగ్గాక ఇద్దరం టాక్సీలో క్రీక్ ఒడ్డుకు వెళ్ళాం. క్రీక్ అంటే ఊరి మధ్యదాకా చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, మన కృష్ణపట్నం దగ్గర కండలేరు పాయ ఉంటుందే, అలాంటిది. దాని మీద అబ్రా అనే చెక్క పడవలు బర్‌దుబాయ్ ఒడ్డు నుంచి దేరా ఒడ్డుకు తిరుగుతుంటాయి. మనిషికి ఒక్క దిర్హమ్, అంటే సుమారు పాతిక రూపాయలు. వేలు పోసి కొన్న టికెట్లన్నిటికంటే ఆ పడవే ఆమెకు నచ్చింది, ఆ ఒడ్డుకు వెళ్ళి, దిగి, మళ్ళీ ఎక్కి ఈ ఒడ్డుకు వచ్చాం. దేరా వైపు దిగితే మసాలా దినుసుల బజారు పక్కనే ఉంది, గోతాల్లో ఏలకులు, ఎండుమిర్చి, కుంకుమపువ్వు, అన్నీ చేత్తో తీసుకొని వాసన చూసింది. బర్‌దుబాయ్ వైపు అల్ ఫహీదీ అని పాత పేట ఉంది. అక్కడి ఇళ్ళ మీద చతురస్రంగా గోపురాల్లాంటివి కనిపిస్తాయి, అవి గాలి గోపురాలు. ఏ దిక్కు నుంచి గాలి వీచినా పట్టి కింద గదిలోకి దింపుతాయి, కరెంటు లేని రోజుల్లో వాళ్ళకు అవే ఏసీలు. ముత్యాల వేటతో, వ్యాపారంతో బతికిన ఊరు అది, భూమిలో చమురు బయటపడింది 1966లోనే. ఆ ఏడాది దాకా అక్కడ చెల్లింది మన రూపాయే అని చెబితే మా అత్తమ్మ నమ్మలేదు. గల్ఫ్ దేశాల కోసమే రిజర్వ్ బ్యాంకు 1959లో విడిగా నోట్లు కూడా వేసింది.

కాబట్టి నా మాట, రోజుకు ఒక్క పెద్ద చోటు, సాయంత్రం ఒక చిన్న చోటు. మధ్యాహ్నం రెండు మూడు గంటలు గదిలో పడక. ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనం బుర్జ్ ఖలీఫా తప్పకుండా చూడండి, 828 మీటర్లు, 2010లో తెరిచారు, కింద నిలబడి తలెత్తితే చివర కనపడదు. 124వ అంతస్తుకు లిఫ్టులో నిమిషంలో వెళ్ళిపోతాం, మా చిన్నోడు చెవులు మూసుకున్నాడు. సూర్యాస్తమయం టికెట్ ఎక్కువ ధర, ఉదయం టికెట్ తీసుకుంటే డబ్బులూ కలిసొస్తాయి, జనమూ తక్కువ. కానీ మెట్రో దిగాక, బుర్జ్ ఖలీఫాకు ఆనుకొని ఉన్న దుబాయ్ మాల్‌కు వంతెన మీద చాలా దూరం నడవాలి, కదిలే పట్టీలు ఉన్నా మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అది కష్టం. ఆ ఒక్కరోజూ టాక్సీ ఎక్కండి. విమానంలో కూడా టికెట్ బుక్ చేసేటప్పుడే ఆమెకు చక్రాల కుర్చీ అడగండి, దానికి డబ్బులు తీసుకోరు. అడగడానికి ఆమె మొహమాటపడుతుంది, మీరే అడగాలి.

ఎడారి సఫారీలో ఇసుక దిబ్బల మీద కారు ఎగిరెగిరి పడుతుంది, నడుము నొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు, చిన్నపిల్లలు అది ఎక్కకూడదు. సఫారీ మానేయనక్కర్లేదు, అత్తమ్మనూ పాపనూ దిబ్బల మీదికి కాకుండా నేరుగా గుడారాలు వేసిన క్యాంపుకు తీసుకెళ్ళే బండి కావాలని ముందే చెప్పండి. ఇసుకలో కూర్చొని సూర్యుడు దిగిపోవడం చూస్తే చాలు.

ఇంకొకటి, ఎవరి కాగితంలోనూ లేనిది. రాస్ అల్ ఖోర్ అని నగరం అంచునే ఒక చిత్తడి నేల ఉంది, చలికాలంలో అక్కడ ఫ్లెమింగోలు వందల కొద్దీ దిగుతాయి. ప్రవేశం ఉచితం. మన పులికాట్‌లో చూసే పక్షులే, వెనక మాత్రం బుర్జ్ ఖలీఫా. మా పిల్లలు ఆ ఒక్కచోటే ఫోను అడగలేదు.

గుడికి వెళ్దామని అత్తమ్మ అడిగితే రెండు దారులు. జెబెల్ అలీలో 2022లో తెరిచిన గుడి నగరంలోనే ఉంది, ఒక పూటలో అయిపోతుంది. అబుదాబీలో 2024 ఫిబ్రవరి 14న తెరిచిన పెద్ద మందిరానికైతే రోజంతా కేటాయించాలి, అక్కడ మన వేంకటేశ్వర స్వామి, పద్మావతి అమ్మవారు కూడా ఉన్నారు.

ప్రశ్న (ఒంగోలు): మే నెలలో పిల్లలకు సెలవులు, అప్పుడు ప్యాకేజీలు సగం ధరకే వస్తున్నాయి. మన ఒంగోలు ఎండలకు అలవాటుపడ్డవాళ్ళం కదా, వెళ్ళొచ్చా?

జవాబు: వద్దండి. మన రోహిణి కార్తె ఎండలు చూసినవాళ్ళమే, కానీ అక్కడ ఎండకు తోడు సముద్రపు ఉక్కపోత, రాత్రికి కూడా చల్లబడదు. బయట పనిచేసేవాళ్ళకు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు పని ఆపాలని అక్కడి ప్రభుత్వమే నియమం పెట్టింది, దాన్ని బట్టి అర్థం చేసుకోండి. పైగా పూల తోట మిరాకిల్ గార్డెన్, దేశదేశాల అంగళ్ళుండే జాతర లాంటి గ్లోబల్ విలేజ్ వేసవిలో మూసేస్తారు. నవంబర్ నుంచి మార్చి మంచిది. సంక్రాంతి సెలవులకు ఇంకో రెండు రోజులు కలుపుకోండి.

ప్రశ్న (నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట): మసాలా పొడులు, పచ్చళ్ళు, మందులు తీసుకెళ్ళొచ్చా? మా అమ్మ తమలపాకులు లేకుండా ఉండలేదు.

జవాబు: ఇది జాగ్రత్తగా చదవండి. గసగసాలు అక్కడ నిషేధం. మనం కూరలో వేసుకునే గసగసాలే, వాళ్ళు మాత్రం మత్తు పదార్థాల లెక్కలో చూస్తారు. విడిగానే కాదు, ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో కలిసినా వద్దు. తమలపాకులు, గుట్కా కూడా వద్దు, అమ్మగారికి ఆ నాలుగు రోజులు సోంపుతో సర్దిచెప్పండి. ఎండు కొబ్బరి చిప్పలు విమానంలోనే ఒప్పుకోరు, నూనె ఎక్కువగా ఉండి మంట అంటుకుంటుందని. కందిపొడి, కరివేపాకు కారం లాంటివి పర్వాలేదు. పచ్చడి అయితే గట్టిగా సీలు వేయించి పెద్ద పెట్టెలో పెట్టండి, చేతి సంచిలో వద్దు.

మందుల విషయంలో నాకు నిజంగా భయం. దగ్గు మందుల్లో ఉండే కొడీన్, నొప్పికి ఇచ్చే ట్రమడాల్ లాంటివి ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే కేసు అవుతుంది. బీపీ, షుగర్ మాత్రలకు ఇబ్బంది లేదు, డాక్టరు చీటీ, మాత్రల అసలు ప్యాకెట్ కలిపి ఉంచండి. మన దగ్గర మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేసే మాత్రలు పేరు తెలియకుండా డబ్బాలో పోసి తీసుకెళ్ళకండి.

పాస్‌పోర్టు ఆరు నెలలకు తగ్గకుండా చెల్లేలా ఉందా, అమ్మగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందా, ఈ రెండూ ఇవాళే చూడండి. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుల మీద 2022 నవంబర్ నుంచి అక్కడ ఆంక్షలున్నాయి. మన పక్క పెద్దవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇది మామూలే కాబట్టి వీసాకు డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న (సింగరాయకొండ): అక్కడ బంగారం చవక అంటారు, పాప పెళ్ళికి తెచ్చుకోవచ్చా?

జవాబు: సుంకం లేకుండా నగలు తెచ్చుకునే వెసులుబాటు (మగవాళ్ళకు 20 గ్రాములు, ఆడవాళ్ళకు 40 గ్రాములు) ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చినవాళ్ళకే. నాలుగు రోజులు తిరిగొచ్చే మనకు కాదు. దాచి తేవాలని మాత్రం అసలు అనుకోకండి. వెళ్ళేటప్పుడు మీ సొంత నగలు ఎక్కువ వేసుకుంటే, ఇక్కడి విమానాశ్రయంలోనే కస్టమ్స్ వాళ్ళ దగ్గర రాయించుకొని కాగితం తీసుకోండి, లేకపోతే తిరిగొచ్చాక అవి మీవేనని రుజువు చేసుకోవాలి. గోల్డ్ సూక్ అనే బంగారం బజారు చూసి రండి, చూడటానికి డబ్బులు అక్కర్లేదు.

ప్రశ్న (కనిగిరి నుంచి ఒక విద్యార్థి): మేడమ్, మా ఊళ్ళో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. దుబాయ్‌లో వాన లేదు, నది లేదు, మరి ఎడారిలో అంత పెద్ద నగరానికి నీళ్ళెక్కడివి?

జవాబు: ఈ నెల వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే నాన్నా. అక్కడ తాగే నీళ్ళు దాదాపు అన్నీ సముద్రం నుంచే. జెబెల్ అలీలో పెద్ద కేంద్రాలున్నాయి. పాత పద్ధతిలో కరెంటు తయారీలో మిగిలే వేడితో సముద్రపు నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లబరిచి మంచినీళ్ళు పట్టేవాళ్ళు. కొత్త పద్ధతి నీకు తెలిసిందే, మీ ఊళ్ళో క్యాన్ నీళ్ళ ప్లాంటులో ఉండే ఆర్‌వో. సన్నని పొర గుండా నీటిని ఒత్తిడితో తోస్తే ఉప్పు ఇవతలే ఆగిపోతుంది. ఉప్పు ఎంత ఎక్కువైతే అంత ఒత్తిడి కావాలి, అంత కరెంటు కావాలి, అందుకే బోరు నీటి కంటే సముద్రపు నీటికి ఖర్చు చాలా ఎక్కువ. వడకట్టాక మిగిలే చిక్కటి ఉప్పునీరు మళ్ళీ సముద్రంలోకే పోతుంది, అది అక్కడి చేపలకూ పగడాలకూ మంచిది కాదు. రోడ్ల పక్కన పచ్చదనం మాత్రం మురుగునీటిని శుద్ధి చేసి చెట్టు చెట్టుకూ డ్రిప్పు గొట్టంతో పెట్టేది. దూరం పోనక్కర్లేదు, మనం చెన్నై రైల్లో వెళ్తుంటే మీంజూరు స్టేషన్ వస్తుందే, ఆ దగ్గరే సముద్రపు నీటిని రోజుకు పది కోట్ల లీటర్ల మంచినీళ్ళుగా మార్చే కేంద్రం 2010లో మొదలైంది. వాన అసలు పడదని మాత్రం అనుకోకు, 2024 ఏప్రిల్ 16న అక్కడ 75 ఏళ్ళలో ఎన్నడూ లేనంత కురిసి, విమానాశ్రయమే నీళ్ళలో మునిగింది.

ప్రశ్న (ఉదయగిరి నుంచి ఒక సోదరి): మా ఆయన మూడేళ్ళుగా దుబాయ్‌లో ఏసీ మెకానిక్. పిల్లలను తీసుకొని వారం రోజులు రమ్మంటున్నారు. ఖర్చు దండగ అంటున్నారు మా మామయ్య. ఆయన ఉండేది పనివాళ్ళంతా కలిసి ఉండే క్యాంపులో. మేము ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి, ఆయనకు ఏం తీసుకెళ్ళాలి? నేను ఎనిమిదో తరగతి వరకే చదివాను.

జవాబు: వెళ్ళమ్మా. మూడేళ్ళు పిల్లలు వీడియో కాల్‌లో చూసిన నాన్న కదా, దండగ ఎలా అవుతుంది? ఇదే మాట మామయ్యగారికి నెమ్మదిగా చెప్పు, కాదనరు.

క్యాంపులో కుటుంబాలను ఉండనివ్వరు. దేరాలో గానీ బర్‌దుబాయ్‌లో గానీ మెట్రో స్టేషన్ పక్కన చిన్న హోటల్ చూడమను, మన భోజనం దొరుకుతుంది, మెట్రోలో ఆడవాళ్ళకూ పిల్లలకూ విడి పెట్టె ఉంటుంది. మెట్రోలో మాత్రం ఏమీ తినకూడదు, తాగకూడదు, వంద దిర్హమ్‌ల జరిమానా, పిల్లలకు ముందే చెప్పు. ఆయన సెలవు ఇప్పుడే అడిగి ఖాయం చేసుకున్నాకే టికెట్లు కొనండి.

పదో తరగతి పాసవ్వలేదు కాబట్టి నీ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉండొచ్చు, అంటే పనికి వెళ్ళాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని గుర్తు. చూడటానికి వెళ్ళేవాళ్ళను అది ఆపదు, కానీ విమానాశ్రయంలో ప్రశ్నలు అడుగుతారు. విజిట్ వీసా మీద పంపి పనిలో పెట్టి మన పక్క ఆడవాళ్ళను మోసం చేసిన ఏజెంట్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతారు, అది నీ మంచికే. భయపడకుండా తిరుగు టికెట్, హోటల్ కాగితం, ఆయన వీసా నకలు, మీ పెళ్ళి కాగితం చేతిలో పెట్టుకో. పరాయివాళ్ళు పడేలా ఫొటోలు తీయకు, అక్కడ అది నేరం.

ఏం చూడాలంటే, బుర్జ్ ఖలీఫా కింద నుంచి చూడండి, పైకి ఎక్కకపోయినా ఏం కాదు. అబ్రా ఎక్కండి, సాయంత్రాలు సముద్రపు ఒడ్డున కూర్చోండి. ఒకరోజు మాత్రం ఆయన ఏసీలు బిగించిన భవనం ఏదైనా ఉంటే బయట నుంచైనా పిల్లలకు చూపించమను. ఏ అంతస్తులో చేశాడో వేలు పెట్టి చూపించనీ. ఆయన తనంతట తాను చూపించడు, నువ్వే అడుగు.

తీసుకెళ్ళడానికి అరిసెలకు మించింది లేదు, వారం దాటినా పాడుకావు. ఆయన ఒక్కడికే లెక్క కట్టకు, గదిలో ఉండే అందరికీ వచ్చేలా వండించు. పైన గసగసాలు కాకుండా నువ్వులు అద్దించు.