ఇస్తినమ్మా లింకు, పుచ్చుకుంటినమ్మా లింకు

ప్రశ్న: మేడమ్, మాది అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక. నాన్న లక్క బొమ్మలు చేస్తారు. రెండేళ్ల క్రితం నేనే తంటాలు పడి వెబ్‌సైట్ పెట్టాను. నెలకు ఏడెనిమిది ఆర్డర్లు వస్తున్నాయి. ఈమధ్య రోజూ ఒకటే మెయిల్స్. "మా సైటుకు మీరు లింకివ్వండి, మీ సైటుకు మేమిస్తాం, గూగుల్‌లో ఇద్దరి ర్యాంకూ పెరుగుతుంది" అంటున్నారు. ఒకాయన 40 సైట్లున్న వాట్సాప్ గ్రూపులో చేరమంటున్నాడు. అందులో లోన్ యాప్‌లు, బాత్రూం టైల్స్, జాతకాల సైట్లు ఉన్నాయి. మా బావ చేరిపొమ్మంటున్నాడు. మరోపక్క మా బొమ్మలు అమ్మే హైదరాబాద్ షాపువాళ్లు వాళ్ల సైట్‌లో మా లింకు పెట్టారు. వాళ్లకు మేము తిరిగి లింకిస్తే తప్పా? గూగుల్ మా సైటును తొక్కేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: షాపువాళ్లకు నిశ్చింతగా లింకివ్వండమ్మా. ఆ గ్రూపులో మాత్రం చేరకండి.

రెండూ ఇచ్చిపుచ్చుకోవడాలే కదా అని మీకు అనిపించవచ్చు. లింకుకు అసలు విలువ ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే తేడా తెలుస్తుంది. 1990ల చివర్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చదువుతున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఒక లెక్క కట్టారు. ఒక పేజీ ఇంకో పేజీకి లింకిచ్చిందంటే దాని గురించి మంచిమాట చెప్పినట్టు. ఆ చెప్పే పేజీకి ఎంత పరువుంటే ఆ మాటకు అంత బరువు. ఈ లెక్కకే పేజ్‌ర్యాంక్ అని పేరు. గూగుల్ పుట్టింది దాని మీదే.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ మొదటి లెక్కలో ఒక పేజీకున్న విలువను అందులోని లింకులన్నీ సమానంగా పంచుకుంటాయి. పంచేది కూడా మొత్తం కాదు, 0.85 వంతు. మీ 40 సైట్ల గ్రూపునే తీసుకోండి. ఒక్కో సైటు మిగతా 39 సైట్లకు ఒకే పేజీలో లింకులిస్తే మీకొచ్చేది ఆ పేజీ పంచేదాంట్లో 39వ వంతు. మీరూ మీ పేజీలోంచి 39 మందికి పంచాలి. బయటి నుంచి కొత్తగా వచ్చి చేరేదేమీ లేదు, ఉన్న కాస్తా చేతులు మారుతుంది. ఆ పంచే పేజీలకు సొంత పరువు లేనప్పుడు మీ వాటాకు ఏం మిగులుతుంది?

పైగా ఇది దాగేది కాదు. ఏ సైటు ఎవరికి లింకిచ్చిందో గీసి చూస్తే, నేను నీకు, నువ్వు నాకు అన్నది అన్నిటికన్నా సులువుగా దొరికే ఆకారం. అందుకే కొందరు తెలివిగా "నేను నీకిస్తా, నువ్వు అతనికివ్వు, అతను నాకిస్తాడు" అని మూడు ముక్కలాట ఆడతారు. లోన్ యాప్, టైల్స్, జాతకాలు, లక్క బొమ్మలు ఒకదాన్నొకటి పొగుడుకుంటూ కూర్చుంటే అది ఎన్ని మెలికలు తిరిగినా ఎవరికైనా అనుమానం వస్తుంది.

ఇదంతా పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. 2007లో రాజమండ్రిలో పాపికొండలు బోటు ట్రిప్పులు బుక్ చేసే ఒకాయనకు నేనే సైటు చేశాను. అడుగున "లింక్స్" అని ఒక పేజీ పెట్టాను. అప్పట్లో అందరూ పెట్టేవాళ్లు. రాత్రుళ్లు కూర్చుని ఊరూపేరూ తెలియని సైట్లకు మెయిల్స్ పంపి, ఒప్పుకున్నవాళ్ల పేర్లు అందులో చేర్చేదాన్ని. ఐదేళ్లలో 180 పేర్లయ్యాయి. మొదటి పేరు ఇటలీలో కర్టెన్లు అమ్మే షాపు, దాని కింద అమెరికాలో ఇళ్ల అప్పులిచ్చే ఏజెంటు, ఆ కింద కుక్కపిల్లల ట్రైనింగ్. గోదావరి మీద తిరిగే బోటుతో వీటికి ఏం సంబంధమని ఒక్కరోజూ నన్ను నేను అడగలేదు. గూగుల్ టూల్‌బార్‌లో పేజ్‌ర్యాంక్ చూపే ఒక చిన్న ఆకుపచ్చ గీత ఉండేది, 0 నుంచి 10 దాకా. అది 2 నుంచి 3కి పెరిగిన రోజు ఆయన ఆత్రేయపురం పూతరేకులు తెచ్చిపెట్టారు.

2012 ఏప్రిల్ 24న గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది, ర్యాంకు కోసం అల్లిన లింకుల మీద. మా సైటు మొదటి పేజీ నుంచి ఎక్కడికో పోయింది. ఆ దసరా సెలవుల్లో ఆయన ఆఫీసు ఫోను దాదాపు మోగలేదు. నలుగురు పనివాళ్లలో ఇద్దర్ని మానిపించారు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, నాకు అదే ఎక్కువ బాధ. లింక్స్ పేజీ పీకేశాను. 180 మందికీ మా లింకు తీసేయమని మళ్లీ మెయిల్స్ పెడితే జవాబిచ్చింది ముప్పైమంది. ఆ అక్టోబరులో ఫలానా లింకుల్ని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పుకునే డిసావో సదుపాయం వస్తే, మిగతావన్నీ ఫైలుగా రాసి పంపాను. అప్పటికి పెంగ్విన్ రోజూ లెక్క వేసేది కాదు. 2014 అక్టోబరులో వేసినప్పుడు గానీ సైటు పైకి రాలేదు. రెండున్నరేళ్లు!

ఇప్పుడు పరిస్థితి అంత కఠినంగా లేదు. 2016 సెప్టెంబరు నుంచి పెంగ్విన్ గూగుల్ అసలు లెక్కలోనే కలిసిపోయింది. ఇలాంటి లింకులు కనిపిస్తే మామూలుగా శిక్షించదు, లెక్కలోకి తీసుకోదు, అంతే. కాబట్టి గ్రూపులో చేరితే మీకు ఎక్కువగా జరిగే నష్టం మీ సమయం వృథా కావడం. మరీ శ్రుతి మించితే గూగుల్ మనుషులే చూసి చర్య తీసుకోవచ్చు. అప్పుడు సైటు యజమానుల కోసం గూగుల్ నడిపే సర్చ్ కన్సోల్‌లో నోటీసు వస్తుంది.

గూగుల్ నిబంధనల్లో ఉన్న మాట చూడండి: "మితిమీరిన" లింకుల మార్పిడి. "నాకు లింకివ్వు, నీకు లింకిస్తాను" అన్న బేరాన్నే ఉదాహరణగా ఇచ్చింది. మార్పిడి మొత్తం తప్పని ఎక్కడా అనలేదు. హైదరాబాద్ షాపు మీ బొమ్మలు అమ్ముతోంది. కొనేవాళ్లకు ఇవి ఎవరు చేశారో తెలియాలి, మీ సైటుకు వచ్చినవాళ్లకు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయో తెలియాలి. పేరంటంలో ఎదురింటి పిన్నిగారికి వాయనమిచ్చి, ఆవిడ దగ్గర పుచ్చుకున్నట్టే ఇది. గూగుల్ అనేదే లేకపోయినా ఆ లింకు పెడతారా అని మిమ్మల్ని మీరు అడగండి. షాపుకైతే పెడతారు. లోన్ యాప్‌కు పెడతారా?

అయినా లింకుల చుట్టూ ఇంత ఆరాటం అక్కర్లేదు. ర్యాంకుకు లింకులు "ముఖ్యమైన" అంశమని రాసుకున్న తన పత్రంలోంచి ఆ "ముఖ్యమైన" అన్న మాటను గూగుల్ 2024 మార్చిలో తీసేసింది. లింకులకు విలువ లేదని కాదు, అదే సర్వస్వం కాదని.

మీ సైటు చూశాను. బొమ్మల ఫొటోలు, ధరలు తప్ప ఇంకేమీ లేదు. ఎంత సంపద దాచుకున్నారమ్మా! అంకుడు కర్ర ఎందుకు వాడతారు? లేత్ మీద తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి ఎలా పట్టుకుంటుంది? మెరుపు కోసం మొగలి ఆకుతో ఎలా రుద్దుతారు? నాన్నగారు పని చేస్తుండగా పక్కన కూర్చుని, ఆయన మాటల్లోనే రాయండి. మీ దగ్గర ఏ రంగు దేని నుంచి తీస్తారో ఒక పేజీ పెట్టండి. బిడ్డ నోట్లో పెట్టుకుంటే ఏమవుతుందని తల్లులు వెతికేది దానికోసమే. ఉన్నది ఉన్నట్టు రాయండి, ఏదైనా రంగు బయట కొంటే అదీ చెప్పండి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన సంగతీ చేర్చండి. మీ ఊరికి వచ్చి వెళ్లే డిజైన్ విద్యార్థులు ప్రాజెక్టు రాసుకునేటప్పుడు ఈ పేజీకి లింకిస్తారు. మీరు అడక్కుండా వచ్చే ఆ ఒక్క లింకు ముందు ఆ 39 దిగదుడుపే.

ప్రశ్న: 2009లో పెట్టిన మా ట్యూషన్ సెంటర్ సైట్‌లో పాత లింకుల పేజీ ఇంకా ఉంది. డిసావో చేయాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పేజీ తీసేయండి. డిసావో మాత్రం వద్దు. అది మీకు బయటి నుంచి వచ్చే లింకుల కోసం. సర్చ్ కన్సోల్ తెరిచి "మాన్యువల్ యాక్షన్స్" నొక్కండి. అక్కడ నోటీసేమీ లేకపోతే ఆ ఫైలు జోలికి వెళ్లకండి, పొరపాటున మంచి లింకుల్ని మీరే నరుక్కుంటారు.