నాన్నగారి మొదటి సంవత్సరీకానికి స్మరణిక వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న: నాన్నగారు తిరుపతిలో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. వీధి పిల్లలకు డబ్బు తీసుకోకుండా ట్యూషన్ చెప్పారు, క్రమం తప్పకుండా రక్తదానం చేశారు. సంవత్సరీకం నాలుగు నెలల్లో ఉంది, చిన్న పుస్తకం వేయాలి.

చాలామంది ఫొటోలతో మొదలుపెడతారు. ఫొటోలు ఎక్కడికీ పోవు, వాటిని చివర్లో చూసుకోవచ్చు. ఉద్యోగం సంగతులు కాగితాల్లో ఉంటాయి, కుటుంబం ఆల్బంలో ఉంటుంది. చేసిన సేవకు మాత్రం పెద్దగా రికార్డు ఉండదు, నలుగురి నోళ్లలోనే ఉంటుంది. ఆ నలుగురికీ వయసైపోతుంటుంది. అందుకే నాలుగు నెలల్లో రెండు నెలలు దీనికే పెట్టండి.

వాళ్ల దగ్గరికెళ్లి "నాన్న ఎలాంటివారు?" అని అడగొద్దు. "దేవుడు లాంటి మనిషి" అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. ట్యూషన్ ఏ అరుగు మీద జరిగేది, ఎన్నింటికి మొదలయ్యేది, కరెంటు పోతే ఏం చేసేవారు, ఫీజు కట్టలేని పిల్లవాడికి ఏ పుస్తకం ఇచ్చారు అని అడగండి. ఫోన్లో రికార్డు చేసి, అదే రాత్రి కాగితం మీద పెట్టండి. వారం ఆగితే ఎవరి గొంతు ఎవరిదో కలిసిపోతుంది.

సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు. ఊరి గుర్తులతో పట్టుకోవాలి. ఎన్టీఆర్ తిరుపతిలో గెలిచిన 1983కు ముందా తర్వాతా? అలిపిరి బాంబు పేలుడు (2003 అక్టోబరు 1) నాటికి ట్యూషన్ ఉందా? 2021 నవంబరు వరదలప్పుడు ఆయన ఏ ఇంట్లో ఉన్నారు? ఇలా అడిగితే ఏడాది అటూ ఇటూగా దొరుకుతుంది. అంతకు మించి తేలకపోతే "1990ల్లో" అని రాయండి, చాలు.

అంకెలు రాసేటప్పుడు జాగ్రత్త. రక్తదానానికి మగవాళ్లకు మూడు నెలల ఎడం ఉండాలి. 18 నుంచి 65 ఏళ్ల దాకా ఒక్కటీ తప్పకుండా ఇచ్చినా 190 దాటదు. ఎవరైనా అభిమానంతో "మూడొందల సార్లు" అంటే వేసేయకండి. డోనర్ కార్డులు వెతికి, ఉన్నవాటినే లెక్కపెట్టండి. రక్తం అందుకున్నవారి పేరు, జబ్బు వాళ్లు ఒప్పుకుంటేనే రాయాలి.

ఉద్యోగం భాగం ఒక పేజీ చాలు. పింఛను ఆర్డరు, సర్వీసు రిజిస్టరు జిరాక్సు బీరువాలో ఉంటాయి, చేరిన తేదీ, బదిలీలు వాటిలో చూడండి. ఇక్కడ ఒక తప్పు తరచూ దొర్లుతుంది. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు ఆయన శ్రీకాళహస్తిలోనో పుత్తూరులోనో పనిచేసి ఉంటే "చిత్తూరు జిల్లా" అనే రాయాలి.

సంవత్సరీకం తేదీ పంతులుగారితో ముందే ఖాయం చేసుకోండి. తిథి ప్రకారం అది ఇంగ్లీషు తేదీ కంటే సుమారు పదకొండు రోజులు ముందొస్తుంది. ఆ ఏడాదిలో అధికమాసం పడితే ఇంగ్లీషు తేదీ కంటే దాదాపు పందొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. మన చిత్తూరు వైపు సౌరమానం పాటించే కుటుంబాలూ ఉన్నాయి, వాళ్ల లెక్క వేరు. తిథి రోజు ఇంట్లో కార్యం హడావుడి ఉంటుంది కాబట్టి పుస్తకం పంచడం ఆ దగ్గరి ఆదివారానికి పెట్టుకోవడం మేలు.

ఇక ప్రెస్సు పని. డెమ్మీ 1/8 సైజు (మామూలు చిన్న పుస్తకం సైజు), 24 పేజీలు, మధ్యలో పిన్ను. పిన్ను కుట్టుకు పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. 22 అంటే కుదరదు, రెండు ఖాళీగా మిగులుతాయి. ఫొటోలన్నీ నడిమి ఎనిమిది పేజీల్లోకి తెచ్చి, వాటికి మాత్రం 130 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) ఆర్ట్ పేపరు, అంటే నున్నటి కాగితం, వేయించండి. మిగతా పేజీలకు 80 జీఎస్ఎం మ్యాప్‌లితో (మామూలు తెల్ల కాగితం), అట్టకు 300 జీఎస్ఎం. రెండొందల కాపీల లోపైతే సాధారణంగా డిజిటల్ ప్రింటు కలిసొస్తుంది, అంతకు మించితే ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి అచ్చువేసే పద్ధతి) ధర కూడా అడగండి.

పాత ఫొటోలను 600 డీపీఐలో (స్కానర్‌లో స్పష్టత సెట్టింగు) స్కాన్ చేయండి. జిగురు ఆల్బంలో అతుక్కున్నవాటిని పీకితే పైపొర లేచిపోతుంది. ఆల్బం పేజీతో సహా స్కానర్ మీద పెట్టడమే మంచిది. చుట్టాలు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గి, అచ్చులో మసకబారుతుంది. డాక్యుమెంటుగా పంపమనండి.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు దొర్లేది అక్షరాల్లో. మీరు ఫోన్లో టైపు చేసేది యూనికోడ్. చాలా ప్రెస్సులు దాన్ని "అను" అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలోకి మార్చుకుంటాయి, ఆ మార్పిడిలో ఒత్తులు, పొల్లులు తారుమారవుతాయి. మీ దగ్గర సరిగ్గా ఉన్న పేరే ప్రూఫులో చెడి ఉండొచ్చు. ప్రూఫు కాగితం మీద తీయించి, ఒకరు మూలం పైకి చదువుతుంటే ఇంకొకరు చూడాలి. ఇంటిపేర్లు, తేదీలు విడిగా మరోసారి. ఒక ప్రూఫు మీ పెద్ద మేనత్తకు ఇవ్వండి. చుట్టరికాల్లో తప్పులు, మరిచిపోయిన పేర్లు ఆవిడే పట్టుకుంటుంది, అచ్చయ్యాక వచ్చే అలకలూ తప్పుతాయి.