అమెరికా క్యారవాన్‌కి మన కరెంటు: ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుందా?

మీ బావగారు అమెరికా నుంచి తెప్పించిన ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాగే ఇల్లులాంటి బండి) గుంటూరు పక్కన తోటలో ఉంది, 5 కేవీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తగిలిస్తే లోపల దేన్నీ ముట్టుకోనక్కర్లేదని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు, నమ్మొచ్చా అని కదా మీరు అడిగింది. నమ్మొద్దండీ. మా అన్నయ్య ఇలాంటిదే తెప్పించుకున్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో దగ్గరుండి పని చేయించింది నేనే.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కని (హెర్ట్జ్), మార్చలేదు. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. బల్బుకీ, హీటర్ కాయిల్‌కీ హెర్ట్జ్ తేడాతో పనిలేదు, కానీ మైక్రోవేవ్ లోపలి ట్రాన్స్‌ఫార్మరూ, పైకప్పు మీది ఏసీ కంప్రెసరూ 60కి లెక్కగట్టి చేసినవి. వాటిని 50 మీద నడిపితే ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతాయి, మోటారు వేగం ఆరింట ఒక వంతు పడిపోతుంది. రోహిణి కార్తె ఎండలో, మిట్టమధ్యాహ్నం, పైకప్పు మీద ఉన్న ఆ ఏసీ ఎన్నాళ్లు బతుకుతుందో మీరే ఆలోచించండి. మేము దాన్ని తీసేసి ఆ చదరపు కన్నాన్ని రేకుతో మూయించి, టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ పెట్టించాం, అవుట్‌డోర్ యూనిట్ ముందు కొక్కెం దగ్గరి ఫ్రేమ్ మీద కూర్చుంది. ఇన్వర్టర్ రకమైతే మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగదు, వేసవి రాత్రుళ్లు లో వోల్టేజీ ఉన్నా చాలావరకు తట్టుకుంటుంది.

సంతోషించాల్సిన విషయం ఏంటంటే, ఆ బండిలో సగానికి పైగా సామాను అసలు 120 మీద నడవదు. లైట్లు, నీళ్ల పంపు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు అన్నీ 12 వోల్టుల బ్యాటరీ మీదే. వాటి జోలికి పోవద్దు. ఆ బ్యాటరీని ఛార్జ్ చేసే కన్వర్టర్ మాత్రం 120కి చేసింది అయ్యుంటుంది, దాన్ని తీసి 230 మీద పనిచేసే 12 వోల్టుల ఛార్జర్ పెట్టండి. పాతది 45 లేక 55 ఆంపియర్లది అయ్యుంటుంది, కొత్తదీ దగ్గర దగ్గరగా అంతే ఉండాలి. ఇంట్లో వాడే ఇన్వర్టర్‌తో సరిపెడదామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, అవి చాలావరకు పది పదిహేను ఆంపియర్లకు మించి ఛార్జ్ చేయవు, పంపూ ఫ్యాన్లూ కలిసి తిరిగితే బ్యాటరీ కోలుకోదు.

ఫ్రిజ్ గ్యాస్ మీదా కరెంటు మీదా నడిచే రకమైతే, దాని వెనక హీటింగ్ ఎలిమెంట్ ఉంటుంది. 120 వోల్టుల, 300 వాట్ల ఎలిమెంట్‌కి 230 ఇస్తే దాదాపు 1100 వాట్లు లాగి కాలిపోతుంది. అదే కొలతల్లో 230 ఎలిమెంట్ వేయించండి. నీళ్ల హీటర్‌కీ ఇదే మాట. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద 100-240 అని రాసుంటే వాటికి ఏమీ చేయక్కర్లేదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యం వైరు రంగులు. అన్నయ్య బండిలో బ్రేకర్ బోర్డు మూత తీశాక లోపల నల్లది, తెల్లది, తొడుగు లేని రాగి తీగ కనిపించాయి. పని చేసిన ఆటోనగర్ కుర్రాడు బస్సుల వైరింగ్‌లో చెయ్యి తిరిగినవాడే, అయినా "నల్లది న్యూట్రల్ కదన్నా" అంటూ దాన్ని న్యూట్రల్ పట్టీ వైపు లాగాడు. అమెరికాలో నల్లదే ఫేజ్, తెల్లది న్యూట్రల్. మనకు నలుపంటే న్యూట్రల్ అని చిన్నప్పటి నుంచీ బుర్రలో నాటుకుపోయి ఉంటుంది. అందుకే ఆ రోజే ప్రతి నల్ల వైరు కొసకీ ఎర్ర టేపు, తెల్లదానికి నల్ల టేపు చుట్టించాం, రేపు ఇంకెవరైనా మూత తీసినా ప్రాణాపాయం లేకుండా. మీరు అడగలేదు గానీ, బ్రిటన్ బండి కొన్నవాళ్లకి ఓ మాట: వాళ్లదీ 230, 50 హెర్ట్జే కాబట్టి పని చాలా తక్కువ, కానీ అక్కడ నీలం న్యూట్రల్, మన పాత త్రీఫేజ్ వైరింగ్‌లో నీలం ఫేజ్.

లోపలి కేబుల్ మామూలుగా 600 వోల్టులకు చేసిందే, బాగుంటే ఉంచుకోవచ్చు. సాకెట్లు మాత్రం 125 వోల్టులవి, అన్నీ పీకేసి మన 6, 16 ఆంపియర్లవి వేయండి. బ్రేకర్ బోర్డు కూడా మార్చి మన ఎంసీబీలు (లోడు ఎక్కువైతే పడిపోయే ట్రిప్ స్విచ్‌లు) పెట్టండి, ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ రెండింటినీ కట్ చేసే డబుల్ పోల్ రకం. ఎందుకంటే పాత ఇళ్లలో సాకెట్‌కి ఫేజ్, న్యూట్రల్ తారుమారుగా ఇచ్చి ఉండటం నేను చూశాను. సరఫరా చాలుతుందా అని భయం వద్దు: అక్కడి 30 ఆంపియర్ల కనెక్షన్ అంటే 3600 వాట్లు, మన 16 ఆంపియర్ల సాకెట్ 3680. మీది 50 ఆంపియర్లదైతే జాగ్రత్త. అందులో 120 చొప్పున రెండు ఫేజులు, వాటికి ఉమ్మడిగా ఒక న్యూట్రల్ ఉంటాయి. ఆ రెండు ఫేజుల మధ్య 240 ఉందని మన 230ని నేరుగా వాటికిచ్చేస్తే, న్యూట్రల్ లేకపోవడంతో లోపలి 120 వస్తువులు వోల్టేజీని ఎక్కువ తక్కువలుగా పంచుకుని మాడిపోతాయి.

ఎర్త్ దగ్గర మాత్రం రాజీ పడొద్దు. బండి రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది, ఒళ్లంతా అల్యూమినియం. లోపల ఎక్కడ లీకైనా ఆ కరెంటు గోడల్లోనే కాచుక్కూర్చుంటుంది, వాన పడ్డ నేల మీద కాలుపెట్టి తలుపు పట్టుకున్న పిల్లాడికి కొడుతుంది. చాసిస్ మీద పెయింటు గీకి, లగ్ (వైరు కొసకి బిగించే రంధ్రమున్న లోహపు ముక్క) వేసి, బోల్టుతో ఎర్త్ బిగించండి. బండిలో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలపకండి. తోటలో మీ సొంత ఎర్త్ పిట్ ఉండాలి. నల్లరేగడి వేసవిలో బీటలు వారి రాడ్‌ని వదిలేస్తుంది, కాబట్టి ఎండాకాలంలో పిట్‌లో నీళ్లు పోస్తూ ఉండండి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) పెట్టించి, దాని మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి.

మైక్రోవేవ్ కొత్తది కొనుక్కోండి, పాతదానికి ఖర్చు దండగ. అక్కయ్యగారికి అక్కడి చిన్న వస్తువు ఏదైనా ఉంచుకోవాలనిపిస్తే, అది మోటారుదో ట్రాన్స్‌ఫార్మర్‌దో కాకపోతే, దానికొక్కదానికే చిన్న స్టెప్‌డౌన్ పెట్టుకోవచ్చు. బావగారిని ముందు కన్వర్టర్ మీది లేబుల్ చదవమనండి. ఇన్‌పుట్ దగ్గర 120 ఒక్కటే ఉందా, 240 కూడా ఉందా అన్నదాన్ని బట్టి ఛార్జర్ ఖర్చు ఉంటుందో లేదో తేలిపోతుంది.