హైదరాబాద్ నుంచి దుబాయి: దూరమెంత, సమయమెంత?

ప్రశ్న: మా అబ్బాయి మొదటిసారి దుబాయి వెళ్తున్నాడు. వెళ్లే విమానం హైదరాబాదులో తెల్లవారుజామున 4.30కి బయలుదేరి 6.45కి దిగుతుందని, తిరుగు విమానం అక్కడ రాత్రి 10 గంటలకు బయలుదేరి ఇక్కడ 3 గంటలకు చేరుతుందని టికెట్టు మీద ఉంది. పోవడానికి రెండుంబావు గంటలైతే రావడానికి అయిదు గంటలా? భూమి తిరగడం వల్లే ఈ తేడా అని మా బంధువులు అంటున్నారు. అసలు దూరమెంత?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: శంషాబాద్ విమానాశ్రయం నుంచి దుబాయి విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గరి దారిన కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. అయితే విమానం నిర్దేశించిన ఆకాశమార్గాల్లోనే వెళ్లాలి కనుక నిజంగా ఎగిరే దూరం అంతకంటే కొంత ఎక్కువ ఉంటుంది.

టికెట్టు మీద ఏ ఊరి సమయాన్ని ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది. మీ అబ్బాయి అక్కడ 6.45కి దిగేటప్పటికి మీ ఇంట్లో 8.15 అవుతుంది, అంటే ప్రయాణం మూడుముప్పావు గంటలు. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ రాత్రి 10 అయితే ఇక్కడ అప్పటికే 11.30 కనుక, పట్టేది మూడున్నర గంటలే. విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయమంతా ఇందులో కలిసే ఉంటుంది.

మిగిలిన పావుగంట తేడా గాలి వల్ల వచ్చేది. భూమితోపాటు దాన్ని చుట్టుకున్న గాలి కూడా తిరుగుతుంది, విమానం ఎగిరేది ఆ గాలిలోనే. కాబట్టి విమానం పైన ఉండగా కింద భూమి జరిగి ఊరు దగ్గరపడడమనేది జరగదు. చలికాలంలో మాత్రం ఉత్తర భారతం, అరేబియా ప్రాంతాల మీద 10–12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం సాగుతుంది, ఆ గాలులు అలా మళ్లడంలో భూభ్రమణానికి పాత్ర ఉన్న మాట నిజమే. గంటకు 840 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి 80 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే నేల మీద లెక్కకు వచ్చే వేగం 760; అదే గాలి వెనుక నుంచి తోస్తే 920. దారిలో 2,000 కిలోమీటర్ల మేర ఇలా వీస్తే రాకపోకల మధ్య దాదాపు అరగంట తేడా వస్తుంది. వర్షాకాలానికి ఈ ప్రవాహం హిమాలయాలకు ఉత్తరంగా జరిగిపోతుంది కనుక తేడా బాగా తగ్గుతుంది.

మీరు అడగకపోయినా తేదీ విషయం చెప్పడం అవసరం. 14వ తేదీ తెల్లవారుజామున 4.30 అని ఉంటే, మూడు గంటల ముందు, అంటే ఒకటిన్నరకే విమానాశ్రయంలో ఉండాలి. జగిత్యాల నుంచి అంతదూరం రోడ్డు ప్రయాణం కూడా ఉంది కాబట్టి 13వ తేదీ రాత్రి 8 గంటలలోపే ఇంటి నుంచి బయలుదేరాలి. 14వ తేదీ రాత్రి భోజనం చేసి బయలుదేరితే, అప్పటికి విమానం వెళ్లిపోయి చాలా గంటలై ఉంటుంది.